వీడియో గేమ్ పెట్టెకు ఆయుష్షెంత?

మొన్నామధ్య మా బడిలో తల్లిదండ్రుల సమావేశం ముగిసింది. అందరూ వెళ్ళిపోయాక తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లి ఒకామె వెనక ఆగిపోయింది. మదనపల్లి వైపు నుంచి వచ్చి మహదేవపురలో స్థిరపడిన కుటుంబం. భర్త కంపెనీ బస్సు నడుపుతారు. మార్కుల సంగతి అడుగుతుందేమో అనుకున్నాను. అది కాదు.

"మేడమ్, మావాడు ఆరు నెలలుగా ప్లేస్టేషన్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. అపార్టుమెంట్లలో స్నేహితుల ఇళ్ళకు పోయి చూసొచ్చాడు. యాభై వేలకు పైనే అంట. ఈ నెల చీటీ పాడితే డబ్బు చేతికొస్తుంది. ఇవ్వడానికి మనసొప్పింది గానీ, కొన్న రెండేళ్ళకే ఇంకోటి వచ్చి ఇది మూల పడితే ఎట్లా? మిక్సీ కొంటే ఎన్నేళ్ళొస్తుందో నాకు తెలుసు. ఇది ఎన్నేళ్ళొస్తుంది?"

నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. రాజవంశాల కాలాలు అడిగితే చెప్పగలను గానీ, ఆట పెట్టెల వంశావళి నాకేం తెలుసు? ఒక వారం గడువు అడిగి పంపేశాను. ఆ వారంలో వెతికి తెలుసుకున్న సంగతులే ఈనాటి ప్రసంగం.

వీడియో గేమ్ కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె. కంప్యూటర్‌లాంటిదే, కాని ఆటకే అంకితమైనది. కంప్యూటర్‌కు మెమొరీ పెంచుకోవచ్చు, లోపలి భాగాలు మార్చుకోవచ్చు. ఈ పెట్టెకు అలా కుదరదు. కొన్న రోజున లోపల ఏముందో దాదాపు అదే చివరిదాకా. అందుకే తయారీదార్లు కొన్నేళ్ళకొకసారి పూర్తిగా కొత్త పెట్టె తెస్తారు. దాన్నే ఒక 'తరం' అంటారు. మన పక్కన కన్నడంలో తరాన్ని 'తలెమారు' అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల మారడమన్న అర్థం స్ఫురిస్తుంది. ఈ పెట్టెల విషయంలో జరిగేది సరిగ్గా అదే. టీవీ అదే, సోఫా అదే, ఆడే పిల్లవాడూ అతడే. పెట్టెకు తలకాయ మాత్రం మారుతుంది.

ఈ తలకాయ ఎన్నేళ్ళకొకసారి మారుతుందో చూద్దాం. ఇంటి టీవీకి తగిలించే మొదటి పెట్టె 1972లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ. ఆ తొలినాళ్ళ లెక్కలు అలా ఉంచి, సోనీ కంపెనీ ప్లేస్టేషన్ సంగతే తీసుకుందాం. మొదటిది జపానులో 1994 డిసెంబరులో వచ్చింది. రెండోది 2000 మార్చిలో. మధ్య అయిదేళ్ళ మూడు నెలలు. మూడోది 2006 నవంబరులో, అంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలకు. నాలుగోది 2013 నవంబరు, అయిదోది 2020 నవంబరు. ఈ రెండు సార్లూ ఏడేసి ఏళ్ళు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ మొదటి తరం నాలుగేళ్ళకే దిగిపోయింది. రెండో తరం, 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360, ఎనిమిదేళ్ళు ఏలింది. ఆ తర్వాతది ఏడేళ్ళు. నింటెండో వారి ఇంటి పెట్టెలు 1990ల నుంచి అయిదేళ్ళు, అయిదేళ్ళు, ఆరేళ్ళు అంటూ నడిచాయి. 2017 మార్చిలో వచ్చిన స్విచ్ మాత్రం 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చేదాకా ఎనిమిదేళ్ళకు పైగా నిలిచింది.

అంటే ఒకప్పుడు అయిదేళ్ళుండే తరం ఏడెనిమిదేళ్ళకు సాగింది. పిల్లవాడి తల్లికి పనికొచ్చే మొదటి సంగతి ఇది. రెండేళ్ళకు పాతబడుతుందన్న భయం సెల్‌ఫోన్లను చూసి పుట్టిన భయం. ఆట పెట్టెలకు అది వర్తించదు.

మరి తరం ఎందుకు సాగింది? ఇక్కడ కొంచెం లెక్క అవసరం. మొదటి ప్లేస్టేషన్‌లో ప్రధాన మెమొరీ 2 మెగాబైట్లు. రెండోదానిలో 32. పదహారు రెట్లు. మూడోదానిలో రెండు భాగాలూ కలిపి 512. మళ్ళీ పదహారు రెట్లు. నాలుగోదానిలో 8 గిగాబైట్లు. అదీ పదహారు రెట్లే! మూడుసార్లు వరుసగా పదహారు. ఇక అయిదోదానిలో ఎంతో ఊహించండి. 128 ఉండాలి కదా? ఉన్నది 16 గిగాబైట్లు. రెండు రెట్లు మాత్రమే. మెమొరీ ఒక్కటే పెట్టె బలాన్ని తేల్చదు, నిజమే. అయిదోదానిలో సమాచారాన్ని చదివే వేగం బాగా పెరిగింది. అయినా ఒక్కో తరానికి వేసే అంగ చిన్నదైందని ఈ అంకెలు చెబుతున్నాయి. పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకపోతే జనం ఎందుకు కొంటారు? ఆ తేడా పోగుపడేదాకా కంపెనీలు ఆగాలి.

దీని వెనక చిప్పుల తయారీ కథ ఉంది. మైసూర్ పాక్ పళ్ళెం ఊహించుకోండి. పళ్ళెం ఖర్చు ఒకటే. ముక్కలు చిన్నవిగా కోస్తే ఎక్కువ ముక్కలు వస్తాయి, ఒక్కో ముక్క చవకవుతుంది. చిప్పులనూ అలాగే గుండ్రటి సిలికాన్ పలక మీద ముద్రించి కోస్తారు. గీతలు సన్నబడే కొద్దీ అదే చిప్పు చిన్నదై చవకయ్యేది. ప్లేస్టేషన్ 2 లోని రెండు పెద్ద చిప్పులు కొన్నేళ్ళలో ఒకే చిప్పులో ఇమిడిపోయాయి. 2004లో ఆ పెట్టె సన్నటి పుస్తకమంత అయింది. అమెరికాలో 2000లో 299 డాలర్లున్న దాని ధర 2009లో 99 డాలర్లకు దిగింది. పెట్టెను మొదట నష్టానికి అమ్మి, ఆటల మీద లాభం తీసి, చిప్పు చవకయ్యాక పెట్టె మీద కూడా సంపాదించడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి.

ఇప్పుడు పళ్ళెం ధరే పెరిగింది. గీతలు సన్నబరచడం కష్టమైంది, అందుకు కావలసిన కర్మాగారాల ఖర్చు ఆకాశాన్నంటింది. కాబట్టి ముక్క చిన్నదైనా మునుపటిలా చవక కావడం లేదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. 2022 నవంబరులో ధర తగ్గించవలసింది పోయి 54,990 చేశారు. 2025 ఆగస్టులో అమెరికాలోనూ పెంచారు. పాతబడుతున్న సరుకు ధర పెరగడం ఈ రంగంలో వింత. మా చిన్నప్పుడు "ఆగు నాయనా, రెండేళ్ళాగితే చవకవుతుంది" అని పెద్దలు చెప్పే మాట ఉండేది. ఆ మాటకు ఇక్కడ ఇక పూచీ లేదు.

మరో కారణం ఆటల తయారీ. ఒక పెద్ద ఆట చేయడానికి రెండు మూడేళ్ళు పట్టే రోజులు పోయాయి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరసలో శాన్ ఆండ్రియాస్ 2004లో, నాలుగోది 2008లో, అయిదోది 2013లో వచ్చాయి. ఆ అయిదోదాన్నే 2014లో తర్వాతి తరం పెట్టెలకు, 2022లో ఆ తర్వాతి తరానికి మళ్ళీ విడుదల చేశారు. ఒక్క ఆట మూడు తరాలను చూసింది, మా ఇంట్లో మా నాయనమ్మలాగా! ఆ ఆటను చేసిన రాక్‌స్టార్ వారికి మన బెంగళూరులోనే స్టూడియో ఉంది. 1997లో రాజేశ్ రావుగారు ఇక్కడ మొదలుపెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ అనే సంస్థను 2019లో వాళ్ళు కొని తమలో కలుపుకున్నారు. ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్సుల చిప్పులను రూపొందించే ఎ.ఎమ్.డి. కంపెనీ కూడా ప్రపంచంలో తన అతి పెద్ద డిజైన్ కేంద్రాన్ని 2023 నవంబరులో బెంగళూరులోనే తెరిచింది. మన పేటల్లో పొద్దున కంపెనీ బస్సులెక్కే పిల్లల్లో కొందరి పని ఇదేనన్నమాట.

ఇంతవరకు చెప్పింది తరానికి ఒక కొలత మాత్రమే. పట్టాభిషేకం నుంచి పట్టాభిషేకం దాకా లెక్క. కాని కొత్త రాజు వచ్చినంత మాత్రాన పాత రాజు చచ్చిపోడు. ఇక్కడే నాకు ఆసక్తి కలిగించిన కథ ఉంది. అది మన తెలుగువాళ్ళ కథ కూడా.

ప్లేస్టేషన్ 3 మన దేశంలో 2007 ఏప్రిల్‌లో 39,990 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. ప్రపంచ లెక్క ప్రకారం రెండోదాని తరం ముగిసింది. కాని అప్పట్లో మన ఇళ్ళలో ఉన్నవి బొద్దు టీవీలు. వాటికి పసుపు, తెలుపు, ఎరుపు తీగలు గుచ్చితే చాలు, ప్లేస్టేషన్ 2 పనిచేసేది. డీవీడీలు కూడా వేసుకుని సినిమాలు చూడవచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు. ధర తగ్గుతూ వచ్చింది. కాబట్టి ముసలిదని ప్రపంచం అనుకున్న పెట్టెకు మన దేశంలో అప్పుడే పడుచుతనం వచ్చింది. సోనీ వారు దీన్ని గమనించి ఇక్కడివాళ్ళ చేత, ఇక్కడివాళ్ళ కోసం ఆటలు చేయించాలనుకున్నారు.

అలా 2009లో వచ్చింది 'హనుమాన్: బాయ్ వారియర్'. చేసినది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి కన్సోల్ ఆటగా దానికి పేరు. బాల హనుమంతుణ్ణి ఆటగాడు నడిపించాలి. దేవుణ్ణి బొత్తాలతో ఆడించడమేమిటని అమెరికాలోని ఒక హిందూ ప్రతినిధి అభ్యంతరం చెబితే వార్తలకెక్కింది కూడా. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి పుల్లలు పట్టి ఎగిరించి, గంతులు వేయించి, పిల్లల్ని నవ్వించిన జాతి మనది. ఆ అభ్యంతరం నాకంతగా ఎక్కలేదు. ఆట బాగుందా అంటే, అంత బాగాలేదనే విమర్శకులు రాశారు. అది వేరే సంగతి.

అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర అనే సంస్థ 'దేశీ అడ్డా' అన్న ఆట చేసింది. అందులో కబడ్డీ ఉంది, గిల్లీదండా ఉంది. మనం బిళ్ళంగోడు అనేది, తెలంగాణలో చిర్రాగోనె అనేది, అదే. వీధిలో పుల్లతో ఆడుకోవలసిన ఆటను టీవీలో ఆడటం చూసి నవ్వొచ్చినా, వీధిలో స్థలం లేని మా మహదేవపుర పిల్లలను చూశాక నవ్వు ఆగిపోతుంది. 2013లో అదే సంస్థ 'డాన్ 2' సినిమా పేరుతో ప్లేస్టేషన్ 2కు మరో ఆట చేసింది. అప్పటికి ఆ పెట్టె పుట్టి పదమూడేళ్ళు. సోనీ ఆ ఏడాది జనవరిలో దాని ఉత్పత్తి ఆపేసినట్టు ప్రకటించింది. అయినా 2013 నవంబరులో కూడా దానికి కొత్త ఫుట్‌బాల్ ఆట విడుదలైంది. ప్లేస్టేషన్ 4 దుకాణాలకు చేరుతున్న నెల అది! మనవడు పుట్టేదాకా తాత చొక్కా ఇస్త్రీ చేసుకుని తిరిగాడన్నమాట. మొత్తం అమ్మకాలు 16 కోట్లని సోనీ లెక్క. ఇంటి ఆట పెట్టెల్లో ఇంతగా అమ్ముడైనది అంతకుముందు లేదు.

కాబట్టి రెండో కొలత, ఆ పెట్టెకు కొత్త ఆటలు రావడం ఎప్పుడు ఆగుతుందన్నది. దీని ప్రకారం రెండో ప్లేస్టేషన్ తరం ఆరేళ్ళ ఎనిమిది నెలలు కాదు, దాదాపు పద్నాలుగేళ్ళు.

ఇంకా వెనక్కి వెళితే మరీ విచిత్రం. 1990లలో, 2000లలో మన ఊళ్ళలో పిల్లలు ఆడింది అసలు ఈ పెద్ద కంపెనీల పెట్టెలు కాదు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అన్న పేర్లతో అమ్మిన పెట్టెలు. కోఠి గుజరాతీ గల్లీలో, ఇక్కడ ఎస్.పి. రోడ్డులో, తిరునాళ్ళ అంగళ్ళలో దొరికేవి. పైన పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చితే మారియో, కాంట్రా, బాతుల వేట. క్యాసెట్ ఆడకపోతే ఊది మళ్ళీ గుచ్చడం అందరికీ వచ్చిన వైద్యం. అవన్నీ నింటెండో 1983లో జపానులో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. అంటే టోక్యోలో 1990లోనే తర్వాతి తరం వచ్చాక, మన పల్లెల్లో దాని ముందుతరం ఇరవై ఏళ్ళు కొత్త సరుకుగా చెలామణి అయింది. జపానులో అసలు పెట్టె తయారీ కూడా 2003 దాకా ఆగలేదు.

అన్నీ ఇంత అదృష్టవంతులు కావు. సెగా వారి డ్రీమ్‌కాస్ట్ 1998 నవంబరులో పుట్టి 2001 మార్చికల్లా ముగిసింది. మంచి పెట్టె అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ప్లేస్టేషన్ 2 ధాటికి నిలవలేకపోయింది. నింటెండో వారి వీ యు కూడా 2012లో వచ్చి నాలుగేళ్ళు దాటగానే పోయింది.

ఇక మూడో కొలత. ఇది కొత్తది, నాకు దిగులు పుట్టించినదీ ఇదే. పాత క్యాసెట్, పాత డిస్కు మన చేతిలో ఉండేవి. కంపెనీ మూతపడినా మన ఆట మనది. ఇప్పుడు చాలా ఆటలు ఇంటర్నెట్ దుకాణం నుంచి పెట్టెలోకి దిగుతాయి. ఆ దుకాణం తలుపు కంపెనీ చేతిలో ఉంది. నింటెండో తన వీ యు, త్రీ డీ ఎస్ దుకాణాలను 2023 మార్చిలో మూసింది. 2024 ఏప్రిల్‌లో వాటిలో ఆన్‌లైన్ ఆటను ఆపింది. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. సోనీ 2021లో ప్లేస్టేషన్ 3 దుకాణం మూస్తామని ప్రకటించి, జనం గోల పెట్టాక వెనక్కి తగ్గింది. అప్పటికే కొన్నవాటిని మళ్ళీ దించుకోవడానికి ఇలాంటి చోట్ల అవకాశం ఉంచుతున్నారు గాని, కొత్తగా కొనడానికి వీలుండదు. పెట్టె చెడిపోలేదు, టీవీ చెడిపోలేదు, కాని తలుపు మూసేశారు. డిస్కు పెట్టే చీలిక లేని పెట్టెలు కొంచెం చవకగా దొరుకుతాయి. ప్లేస్టేషన్ 5 మొదట అలాంటి రకం పదివేలు తక్కువకు వచ్చింది. ఆ పదివేలు మిగిలినట్టు కనబడతాయి గాని, స్నేహితుడి దగ్గర డిస్కు అరువు తెచ్చుకోవడం, ఆడేశాక సగం ధరకు అమ్ముకోవడం అన్నీ పోతాయి. పేద, మధ్యతరగతి ఇళ్ళలో ఈ లెక్క పెట్టె ధర కంటే పెద్దది.

మంచి మార్పు కూడా ఒకటుంది. ఇప్పుడు తరాల మధ్య గోడ పలచబడింది. ప్లేస్టేషన్ 4 ఆటలు దాదాపు అన్నీ అయిదోదానిలో ఆడతాయి. కొత్తగా వచ్చే ఆటలు చాలా కాలం రెండింటికీ వచ్చాయి. 2023లో వచ్చిన క్రికెట్ 24 నాలుగోదానికి కూడా ఉంది. అయిదోది వచ్చి మూడేళ్ళు దాటాక, 2024లో కూడా, సోనీ పెట్టెల మీద ఆడేవారిలో సుమారు సగం మంది నాలుగోదాని మీదే ఆడుతున్నారని కంపెనీ లెక్కలు చెప్పాయి. మధ్యలో కొంచెం బలం పెంచిన 'ప్రో' రకాలూ వస్తాయి. 2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో వచ్చినప్పుడు మన దేశానికి రాలేదు. అందులోని వైఫై వాడే తరంగాలకు ఇక్కడ అప్పటికి అనుమతి లేదు.

వారం తర్వాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి కొడుకునూ వెంటబెట్టుకొచ్చింది. నేను కాగితం మీద రెండు గీతలు గీసి చూపించాను. అయిదోది పుట్టింది 2020 నవంబరు. ఏడేళ్ళ లెక్క వేస్తే 2027, ఎనిమిదైతే 2028. కొత్తది వచ్చాక కూడా మూడు నాలుగేళ్ళు దీనికి ఆటలు వస్తాయని పాత అనుభవం. కాబట్టి ఇప్పుడు కొన్నా పిల్లవాడు ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చేదాకా మూల పడదు. ఇదీ ఒక గీత. రెండో గీత, వాడిన ప్లేస్టేషన్ 4. చీటీ డబ్బులో మూడో వంతుతో అయిపోతుంది. డిస్కులు పాతవి దొరుకుతాయి. కాని దానికి వచ్చే కొత్త ఆటలు తగ్గిపోతూ ఉన్నాయి. ఇవాళ దొరికే వాటితో తృప్తిపడగలిగితేనే కొనాలి.

ఆమె కాగితం చూడలేదు. కొడుకు వైపు చూసింది. వాడు కాగితం తీసుకుని, నేను వేసిన రెండో గీత పక్కన తాను ఆడాలనుకున్న ఆటల పేర్లు రాసుకుంటూ పోయాడు. పదకొండు రాశాడు. తొమ్మిది నాలుగోదానిలోనే ఉన్నాయి. మిగిలిన రెండింటి పేర్ల దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.

"మమ్మీ, డిస్కు పెట్టేదే చూద్దాం" అన్నాడు.

చీటీ డబ్బులో మిగిలినది ఏం చేశారో నేను అడగలేదు. పాత పెట్టె కొనేముందు అరగంట ఆడించి చూసుకోమని, ఫ్యాను మోత వినమని, డిస్కు లోపలికి వెళ్ళి బయటికి వస్తుందో లేదో చూడమని మాత్రం చెప్పి పంపాను.